కారులో పి0118 ఫాల్ట్ కోడ్ పోవట్లేదు, సెన్సర్ మార్చాం, ఇప్పుడు ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) అంటున్నారు. మార్చాలా?

లాసన్స్‌బే పెట్రోల్:
అందరికీ నమస్తే. మాది 2016 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 71 వేలు తిరిగింది, అపార్ట్‌మెంట్‌లో కవర్డ్ పార్కింగ్ లేదు కాబట్టి బండి ఏడేళ్ళుగా ఆరుబయటే, సముద్రం గాలికే ఉంటుంది. రెండు నెలల క్రితం ఇంజిన్ లైటు వెలిగింది, కీ తిప్పగానే రేడియేటర్ ఫ్యాన్ ఫుల్‌గా తిరగడం మొదలుపెడుతుంది, పొద్దున్నే స్టార్ట్ చేస్తే పెట్రోల్ వాసన. షెడ్డులో స్కాన్ కొడితే పి0118 వచ్చింది, కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ పోయిందన్నారు, మార్పించాను, లేబర్‌తో 1,900. నాలుగు రోజులు బాగుంది, వర్షం పడిన మర్నాడు మళ్ళీ లైటు. ఈసారి థర్మోస్టాట్ (కూలెంట్‌ని ఆపి వదిలే వాల్వ్) అన్నారు, అదీ మార్చారు, 2,600. వారంలో మళ్ళీ అదే కోడ్. ఇప్పుడు ఈసీఎం పోయింది, 34 వేలు అవుతుంది అంటున్నారు. మైలేజ్ మాత్రం లైటు రాకముందు నుంచే 16 నుంచి 12కి పడిపోయింది, అది ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. ఇంట్లో ఒక్క జీతం, 34 వేలు పెట్టాక కూడా లైటు వస్తే నేను తట్టుకోలేను. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఆటోనగర్ వైరింగ్:
తమ్ముడూ ముందు ఆ ఈసీఎం మాట పక్కన పెట్టు, ఆర్డర్ పెట్టమని చెప్పి ఉంటే ఇప్పుడే ఫోన్ చేసి ఆపు. నేను గాజువాక వైపు కార్ల వైరింగ్ పని చేస్తాను, ఇలాంటి బండ్లు నెలకి రెండు మూడు వస్తాయి, అందులో ఈసీఎం నిజంగా పోయినవి చాలా చాలా తక్కువ.

పి0118 అంటే ఆ సెన్సర్ లైన్‌లో వోల్టేజ్ ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉంది అని, అంతే. సెన్సర్ పాడైంది అని ఆ కోడ్ చెప్పదు. ఈసీఎం 5 వోల్టులు ఇస్తుంది, ఇంజిన్ వేడెక్కేకొద్దీ సెన్సర్ రెసిస్టెన్స్ తగ్గి ఆ వోల్టేజ్‌ని కిందకి లాగుతుంది. మధ్యలో వైరు తెగినా, వైరుని సెన్సర్‌కి తగిలించే ప్లగ్గు ఉంటుంది కదా, ఆ కప్లర్‌లో పిన్ను పట్టకపోయినా లాగేది ఏదీ ఉండదు, వోల్టేజ్ 5 దగ్గరే ఉండిపోతుంది, దాన్ని ఈసీఎం మైనస్ 40 డిగ్రీలుగా చదువుతుంది. ఆ లెక్క నమ్మదగ్గది కాదని తెలిసి ఇంజిన్ ఎక్కడ వేడెక్కిపోతుందో అని ఫ్యాన్ ఆపకుండా తిప్పుతుంది. నీ ఫ్యాన్ సంగతి అదే. థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోతే ఇంజిన్ వేడెక్కడం ఆలస్యమవుతుంది, దానికి మామూలుగా పి0128 వస్తుంది, ఈ కోడ్‌కి థర్మోస్టాట్ మార్చడంలో అర్థమే లేదు.

మైలేజ్ ముందే ఎందుకు పడిందంటే, పిన్ను మీద పచ్చ చిలుము కొంచెం కొంచెంగా పడుతున్నప్పుడు రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఇంజిన్ 88 డిగ్రీల్లో ఉన్నా ఈసీఎంకి 20, 30 అని కనిపిస్తుంది, అది జరగగలిగే టెంపరేచరే కాబట్టి లైటు వెయ్యదు, ఇంజిన్ చల్లగా ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ కొడుతుంది. చిలుము ముదిరి లెక్క హద్దు దాటాకే లైటు. బీచ్ రోడ్డు, రుషికొండ, భీమిలి వైపు బండ్లలో ఇది నేను చాలా చూశాను.

ఇలా చెయ్. బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారు కోడ్లూ రీడింగులూ ఫోన్‌లో చూపించేది) ఒకటి తెచ్చుకో, 2013 ఏప్రిల్ తర్వాత బీఎస్4 పెట్రోల్ కారు కాబట్టి స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. రాత్రంతా ఆపిన బండికి పొద్దున్నే కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా, కూలెంట్ టెంపరేచరూ ఇంటేక్ ఎయిర్ టెంపరేచరూ చూడు, రెండూ ఇంచుమించు ఒకటే ఉండాలి. తర్వాత కప్లర్ పీకు, మైనస్ 40 చూపించాలి. ఆ కప్లర్‌లోని రెండు పిన్నుల్నీ సన్నటి వైరుతో కలుపు, అప్పుడు ఒక్కసారిగా 120 పైకి పోవాలి. పోయిందా, ఈసీఎం, వైరింగ్ రెండూ బాగున్నట్టే. పోకపోతే వైరులోనో పిన్నులోనో చూడాలి, అప్పటికీ ఈసీఎం చివరి మాటే. ఒక్క జాగ్రత్త, ఇది రెండు వైర్ల సెన్సర్‌కి మాత్రమే, మూడు వైర్లున్న సెన్సర్ మీద ఈ ప్రయోగం చెయ్యకు, 5 వోల్టుల లైను ఎర్త్ అయిపోయి మిగతా సెన్సర్లన్నీ కోడ్లు వేసేస్తాయి.

పెందుర్తి డ్రైవింగ్:
అన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు. నాకు పి0420 (పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచెయ్యట్లేదనే కోడ్) వస్తే ముందు ఆక్సిజన్ సెన్సర్ మార్చారు, 5,800, తర్వాత ఆ కన్వర్టరే మార్చాలన్నారు, ఆ రేటు విని ఆగిపోయాను. ఇంకో దగ్గర చూపిస్తే సైలెన్సర్ జాయింట్ గ్యాస్కెట్ లీక్, అక్కడ్నుంచి బయటి గాలి లోపలికి పీల్చుకుని సెన్సర్ ఆక్సిజన్ ఎక్కువ చూపించింది. సెన్సర్ ఉన్న నిజమే చెప్పింది, దాన్నే తీసి పారేశాం. గ్యాస్కెట్ వేశాక ఇప్పటికి ఏడాది, మళ్ళీ రాలేదు. ఇంకోటి, కోడ్ ఎరేజ్ చేసే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో తీసుకోండి, లైటు వచ్చిన క్షణంలో స్పీడు ఎంత, టెంపరేచర్ ఎంత అన్నీ అందులో ఉంటాయి, ఎరేజ్ కొడితే అదీ పోతుంది.

మద్దిలపాలెం మల్టీమీటర్:
పాత సెన్సర్ షెడ్డు వాళ్ళ దగ్గర నుంచి అడిగి తెచ్చుకోండి, అది మీ డబ్బు. గది టెంపరేచర్‌లో చాలా బండ్లకి 2 కిలో ఓమ్స్ అటూ ఇటూ ఉంటుంది, బాగా మరిగిన నీళ్ళలో ముంచితే 300 ఓమ్స్ లోపు పడుతుంది, మీ మోడల్ లెక్క మాన్యువల్‌లో చూసుకోండి. నేను కొన్నిసార్లు మ్యాప్ సెన్సర్ (ఇంజిన్ పీల్చే గాలి ఒత్తిడి కొలిచేది) కూడా ఇలా ఖర్చు లేకుండానే చూస్తుంటాను, కీ ఆన్ ఇంజిన్ ఆఫ్‌లో వైజాగ్‌లో 100 కిలోపాస్కల్స్ దగ్గర ఉండాలి, అరకు పైకి వెళ్తే 90 దగ్గరకి రావాలి, అలా మారుతుంటే దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

లాసన్స్‌బే పెట్రోల్:
ఈరోజు చేశాను. పొద్దున ఆరింటికి ఇంటేక్ 27, కూలెంట్ మైనస్ 40. కప్లర్ పీకి వైరుతో కలిపితే మొదట ఏం మారలేదు, మైనస్ 40 మీదే ఉంది, గుండె జారిపోయింది. తర్వాత టార్చ్ వేసి చూస్తే ఒక పిన్ను లోపలంతా పచ్చగా ఉంది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి గుండుసూదితో గీకి మళ్ళీ కలిపాను, 136కి ఎగిరింది! పాత సెన్సర్ కూడా తెచ్చుకున్నాను, మామూలుగా 2.1 కిలో ఓమ్స్, వేడి నీళ్ళలో 290 ఓమ్స్. అంటే అది మొదట్నుంచీ బాగానే ఉంది. ఈసీఎం వద్దని షెడ్డుకి చెప్పేశాను. ఇప్పుడు కప్లర్ పెడితే 28 చూపిస్తోంది, వైరు కదిపితే మాత్రం 9కి పడి మళ్ళీ వస్తోంది. గీకి వదిలేస్తే చాలా అన్నా?

ఆటోనగర్ వైరింగ్:
చాలదు తమ్ముడూ, కదిపితే పడుతోందంటే చిలుము వైరు లోపలికి పాకేసింది. పిన్ను వెనక రాగి నల్లబడి ఉంటుంది, మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కట్ చేసి కొత్త కప్లర్ వేయించు, జాయింట్ సోల్డర్ చేసి హీట్ ష్రింక్ తొడిగించు, ఉత్తి టేప్ చుడితే ఒప్పుకోవద్దు. తడి చేరకుండా లోపల కొంచెం డైఎలక్ట్రిక్ గ్రీజు పెట్టమను. మొత్తం కలిపి 700, 800కి మించదు. అదే చేత్తో బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి వెళ్ళే ఎర్త్ బోల్ట్ కూడా విప్పించి చూడు, ఏడేళ్ళు ఆ గాలికి ఉన్న బండిలో అదీ తుప్పు పట్టే ఉంటుంది. పాత సెన్సర్ పారెయ్యకు, డాష్‌బోర్డులో పడేసి ఉంచు.