టమాటా మడిలో రాత్రికి రాత్రే పుట్టగొడుగులు: పీకేయాలా, వదిలేయాలా?

మట్టిచేతులు:
అందరికీ నమస్కారం. మూడు రోజులు ముసురు పట్టి నిన్నే తెరిపిచ్చింది. పొద్దున టమాటా మడి దగ్గరికి వెళ్తే, నిన్న సాయంత్రం ఏమీ లేని చోట పదకొండు పుట్టగొడుగులు! లెక్కపెట్టాను. తెల్లగా ఉన్నాయి, నడినెత్తిన గోధుమరంగు పొలుసులు. పెద్దది నా అరచెయ్యంత ఉంది. రెండు నెలల కిందట ఆ మడిలో పశువుల ఎరువు వేసి, పైన చెక్క ముక్కలు పరిచాను. ఇది మొక్కలకు రోగమా? కాయలు తినొచ్చా? మందేమైనా కొట్టాలా? ఇంట్లో రెండేళ్ల పాప ఉంది, అదొక టెన్షన్.

వానచినుకు:
మొక్కలకేం కాదండీ, కంగారు పడకండి. మీరు పరిచిన చెక్కే దానికి తిండి. పైన కనిపించేది కాయ లాంటిది, అసలు ఒళ్లంతా మట్టిలోనే ఉంటుంది. చెక్క ముక్కలు పక్కకు జరిపి చూడండి, తెల్లటి సన్నని దారాలు కనిపిస్తాయి. ఆ దారాలు వారాల తరబడి చెక్కను తింటూ అక్కడే ఉన్నాయి. గొడుగులు కూడా చిన్న బొడిపెలుగా ముందే తయారై ఉంటాయి. వాన పడగానే నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, అందుకే మనకు రాత్రికి రాత్రే మొలిచినట్టు అనిపిస్తుంది. టమాటాలు కడుక్కుని నిక్షేపంగా తినండి. పక్కన మొలిచిన దాని విషం కాయలోకి ఎక్కదు.

ఎండుటాకు:
మందు జోలికి పోవద్దు, నా అనుభవం వినండి. రెండేళ్ల కిందట నాకూ ఇలాగే వస్తే శిలీంధ్రాలను చంపే మందు తెచ్చి రెండు సార్లు కొట్టాను. తర్వాతి వానకు ముందుకంటే ఎక్కువ వచ్చాయి! ఎవరో చెప్పారని సున్నం చల్లాను, దానికీ లొంగలేదు. కింద అడుగు లోతున దారాలు అల్లుకుని ఉంటే పైన కొట్టింది ఎక్కడికి చేరుతుంది? చివరికి విసుగొచ్చి వదిలేశాను. చెక్క ముక్కలన్నీ చివికి నల్లటి మట్టి అయ్యాక వాటంతట అవే ఆగిపోయాయి. ఆ మడిలో మట్టి ఇప్పుడు చేత్తో తవ్వేటంత గుల్లగా ఉంది.

ఒక్కటి మాత్రం చూసుకోండి. ఎండకు ఆ దారాలు చెక్కతో కలిసి చాపలా అట్టకడతాయి. పైన పోసిన నీళ్లు లోపలికి దిగవు, పక్కకు జారిపోతాయి. నా వంగ మొక్కలు వాడిపోతే నెపం పుట్టగొడుగుల మీద వేశాను. తీరా చూస్తే అడుగున మట్టి పొడిపొడిగా ఉంది. అప్పుడప్పుడు ఆ పొరను కొంచెం కదిలించండి చాలు.

కుండీలరాణి:
నాకైతే ఇంటి లోపల కుండీలోనే వచ్చాయి, నిమ్మపండు పసుపు రంగులో! ఎవరో ప్లాస్టిక్ బొమ్మ గుచ్చారనుకున్నాను. దాని పేరు ల్యూకోకొప్రైనస్ బిర్న్‌బౌమీ అట. చలిదేశాల్లో కూడా వెచ్చటి గాజు గదుల్లో, కుండీల్లో వస్తుంది. 1839లో కోర్డా అనే శాస్త్రవేత్త దానికి ఒక తోటమాలి పేరు పెట్టారని చదివాను. అంటే ఈ తలనొప్పి మనతో మొదలైంది కాదు. మొక్కకు హాని లేదు, తింటే మాత్రం కడుపు పాడవుతుంది. రెండో రోజుకే వాడి వాలిపోయింది, నాకు కాస్త దిగులేసింది కూడా.

పాతపార:
నా పెరట్లో ఇరవై ఏళ్లుగా రకరకాలు చూశాను. పేడ ఎరువు మీద వచ్చే సిరా గొడుగులు ఉంటాయి, పొద్దున ముచ్చటగా ఉంటాయి, మధ్యాహ్నానికి నల్లటి సిరాలా కారిపోతాయి. చెక్క ముక్కల మీద పిట్టగూడు రకం వస్తుంది. వేలిగోరంత గిన్నె, లోపల చిన్న గుడ్లు. వాన చుక్క సూటిగా గిన్నెలో పడితే ఆ గుడ్లు ఎగిరి దూరంగా పడతాయి, అదే దాని విత్తనాలు చల్లే పద్ధతి.

ఇక కంపు కొమ్ము అనే పుట్టగొడుగు సంగతి. ఒకసారి పెరట్లో ఎలుక చచ్చిందని రెండు రోజులు వెతికాను. చివరికి మల్లె పొద కింద దొరికింది ఎలుక కాదు, ఎర్రటి కాడ మీద జిగురు పూసుకుని నిలబడ్డ ఈ మహానుభావుడు. ఆ కంపుకు ఈగలు వాలి, సిద్ధబీజాలను, అంటే విత్తనాల్లాంటి సన్నని పొడిని, కాళ్లకు అంటించుకుని పోతాయి. మీకు కంపు వస్తోందా?

ఇవన్నీ చచ్చిన చెక్క, ఎరువు లాంటి వాటి మీద బతికేవి. బతికున్న చెట్టు మొదట్లో తేనెరంగు గుత్తులు వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. బెరడు ఒలిచి చూడండి. కింద తెల్లటి పొర, వేర్ల దగ్గర నల్లటి తాళ్లు ఉంటే అది చెట్టునే తింటోందన్నమాట.

మట్టిచేతులు:
కంపేమీ లేదండీ. దగ్గర్లో చెట్టూ లేదు. ప్రాణం కుదుటపడింది.

పచ్చికబయలు:
ఇంత చర్చ దేనికి, కూర వండేయక! తెల్లవి మంచివే. పురుగు కొరికిందంటే విషం లేనట్టే. అనుమానముంటే వెండి చెంచా వేసి ఉడికించండి, నల్లబడకపోతే తినొచ్చు.

నిద్రగన్నేరు:
దయచేసి ఈ మాట నమ్మకండి. నేను నమ్మాను. పచ్చిక మీద వచ్చిన తెల్లటి పొలుసుల గొడుగులు నాలుగు కోసి వండుకున్నాం. రుచి అద్భుతం. రెండు గంటలకు వాంతులు, విరేచనాలు మొదలై రాత్రంతా ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకున్నాం. వెండి చెంచా పరీక్ష మేమూ చేశాం, చెంచా తళతళ మెరిసింది. పురుగులకు హాని చేసే విషం వేరు, మనకు హాని చేసే విషం వేరు.

మాది ఒక రకంగా అదృష్టమేనని తర్వాత తెలిసింది. త్వరగా వాంతులయ్యే రకం సాధారణంగా కడుపు పాడుచేసి వదిలేస్తుంది. అమటాక్సిన్లు అనే విషాలు ఉన్న రకాలు ఆరు గంటల నుంచి ఇరవై నాలుగు గంటల దాకా ఏమీ తెలియనివ్వవు. తర్వాత విరేచనాలై, మధ్యలో తగ్గినట్టే ఉండి, ఆపైన కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఉడికించినా ఆ విషం పోదు.

వానచినుకు:
మట్టిచేతులు గారూ, పాప ఉంది కాబట్టి రోజూ పొద్దున్నే పీకి సంచిలో కట్టి పారేయండి. ముట్టుకుంటే ఏమీ కాదు, చేతులు కడుక్కుంటే చాలు. ఒకవేళ నోట్లో పెట్టుకుంటే ఏదో అయ్యేదాకా ఆగొద్దు, ఇంట్లో వాంతి చేయించొద్దు. మిగిలిన ముక్కను కాగితంలో చుట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మీరు చెప్పిన పోలికలు నిద్రగన్నేరు గారు తిన్నదానిలాగే ఉన్నాయి. ఇవాళ రాత్రి ఒక పని చేయండి. బాగా విచ్చుకున్న గొడుగును కాడ తీసేసి, మొప్పలు, అంటే గొడుగు అడుగున ఉండే సన్నని మడతలు, కిందికి వచ్చేలా తెల్ల కాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూయండి. పొద్దున కాగితం మీద రాలిన సిద్ధబీజాల పొడి ఏ రంగులో ఉందో చెప్పండి.

మట్టిచేతులు:
ఇప్పుడే గిన్నె తీశాను. కాగితం మీద చక్రంలా గీతలు గీతలుగా పొడి రాలింది. లేత ఆకుపచ్చగా ఉంది! మొప్పలు మాత్రం నిన్నటిదాకా తెల్లగానే కనిపించాయి.

వానచినుకు:
అనుకున్నదే. క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్ అనే విషపు రకం అయ్యుండాలి. లేతగా ఉన్నప్పుడు మొప్పలు తెల్లగా ఉండి మోసం చేస్తాయి, ముదిరాకే పచ్చబడతాయి. అయితే ఒకటి, పచ్చ రాలితే తినకూడదని తెలుస్తుంది గానీ, తెల్లగా రాలితే తినొచ్చని అర్థం కాదు. ప్రాణాలు తీసే రకాల్లో చాలావాటికి తెల్లపొడే.

పచ్చికబయలు:
సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. వెండి చెంచా మా నాయనమ్మ చెప్పింది, ఆవిడతో వాదించేవాళ్లు ఎవరున్నారు.

మట్టిచేతులు:
పది రోజుల తర్వాత రాస్తున్నాను. మొత్తం ముప్ఫై దాకా పీకాను, ఎండలు ముదిరాక ఆగాయి. టమాటాలు బాగానే కాస్తున్నాయి. నిన్న పక్కింటావిడ గోడ మీంచి చూసి, "అవి పారేయడమెందుకండీ, కూరకు మాకివ్వొచ్చుగా" అన్నారు. లోపలికెళ్లి పచ్చ కాగితం తెచ్చి చూపించాను. దాన్ని పారేయకుండా దాచి మంచిపని చేశాను.