అప్‌డేట్: భార్య సీఆర్-1 వీసా (అమెరికా పౌరుల జీవిత భాగస్వామికి, పెళ్లయి రెండేళ్లు నిండకముందు ఇచ్చే వలస వీసా), పేరు లేని బర్త్ సర్టిఫికెట్

ఐ-130 (భార్య కోసం నేను పెట్టిన పిటిషన్) ఆమోదమైంది కానీ నా భార్య బర్త్ సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీగా ఉందని అమెరికా వీసా అధికారులు పత్రాలు వెనక్కి పంపారు, ఏం చేయాలని ఇక్కడ అడిగాను. ఇప్పుడు ఆ పత్రాలు ఆమోదించారు.

అఫిడవిట్ ఒక్కటే పెట్టి నెట్టుకురావాలని చూడొద్దు. పుట్టుక రిజిస్టరై ఉంటే మీసేవలో చైల్డ్ నేమ్ ఇన్‌క్లూజన్‌కి (బర్త్ సర్టిఫికెట్‌లో పేరు చేర్చడానికి) దరఖాస్తు చేసి, పేరున్న కొత్త కాపీ తీసుకోవడమే సరైన దారి. అసలు రిజిస్టరే కాకపోతే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ (పుట్టుక రికార్డు లేదని అధికారులిచ్చే పత్రం), దానికి తోడుగా అఫిడవిట్లు. దరఖాస్తు ముందు పాస్‌పోర్టు, పదో తరగతి మెమో పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం చూసుకోండి. ఒకదాంట్లో తండ్రి పేరు వెంకటేశ్వర్లు, ఇంకోదాంట్లో వెంకటేశ్వరరావు అని ఉంటే మళ్లీ మొదటికే వస్తుంది!

తెలుగులో ఉన్న పత్రానికి ఇంగ్లిష్ అనువాదం, కింద అనువాదకుడి సంతకంతో "రెండు భాషలూ వచ్చు, అనువాదం సరైనది" అన్న ప్రకటన ఉండాలి. అసలు, అనువాదం కలిపి ఒకే ఫైలుగా ఎక్కించాలి.

ఫీజులు రెండు: వీసాకి 325 డాలర్లు, ఐ-864కి (భార్యకి నేనిచ్చే ఆర్థిక పూచీ పత్రం) 120. అవి కట్టాకే డీఎస్-260 (వలస వీసా ఆన్‌లైన్ దరఖాస్తు) తెరుచుకుంటుంది.

పెళ్లి ఫొటోలు, గుడి రసీదు సరిపోవు, రిజిస్ట్రార్ ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్టే కావాలి. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవలో. పదహారేళ్లు దాటాక వేరే దేశంలో ఏడాదికి పైగా ఉంటే అక్కడిదీ తేవాలి.

అమెరికాలో దిగేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండితే సీఆర్-1 బదులు ఐఆర్-1 కింద పదేళ్ల గ్రీన్‌కార్డు వస్తుంది, ఐ-751 (రెండేళ్ల కార్డు మీద షరతులు తీయించుకునే దరఖాస్తు) గొడవ ఉండదు.