ఏపీఐలో టైమ్ జోన్ ఏ రూపంలో తీసుకోవాలి?

ప్రశ్న:
మీటింగ్‌లు బుక్ చేసే ఏపీఐ (వేరే ప్రోగ్రాములు వాడుకునే ఇంటర్‌ఫేస్) రాస్తున్నాను. టైమ్ జోన్‌ని 'ఐఎస్‌టీ' లాంటి పొట్టి పేరుతో తీసుకోవాలా, '+05:30' అని ఆఫ్‌సెట్టా (యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంతో తేడా), లేక 'ఆసియా/కోల్‌కతా' లాంటి పూర్తి పేరా? ఆఫ్‌సెట్ అయితే కోడ్ తేలిక, కానీ ఎక్కడో తేడా కొడుతోంది.

జవాబు 1:
పొట్టి పేర్ల జోలికి పోకండి. ఐఎస్‌టీ అని ఇండియా వాళ్లూ అంటారు, ఇజ్రాయెల్ వాళ్లూ అంటారు, ఐర్లండ్ వాళ్లూ అంటారు. ఆఫ్‌సెట్ ఆ క్షణానికే నిజం: న్యూయార్క్‌లో చలికాలం -05:00, వేసవిలో -04:00, అంటే జనవరిలో బుక్ చేసిన జూలై మీటింగ్ గంట జరిగిపోతుంది. నాకోసారి అలాగే అయి క్లయింటు ఒక్కడే కూర్చున్నాడు పాపం. 'ఆసియా/కోల్‌కతా' లాంటి ఐయానా పేర్లే (ఐయానా అనే సంస్థ నడిపే టైమ్ జోన్ల జాబితాలోవి) వాడండి.

జవాబు 2:
అవును, కానీ ఆ పేర్లూ మారతాయి. 2022లో 'యూరప్/కియెవ్' కాస్తా 'యూరప్/కీవ్' అయింది, పాతది అలియాస్‌గా (మారుపేరుగా) ఉంది. రెండూ ఒప్పుకోండి, స్ట్రింగులు నేరుగా పోల్చకండి. ఇంకోటి, 'ఈటీసీ/జీఎంటీ+5' అంటే యూటీసీకి 5 గంటలు వెనక, ముందు కాదు! ఎవరు పెట్టారో గానీ గుర్తు తలకిందులు.

ప్రశ్న అడిగినవారు:
మరి డేటాబేస్‌లో అంతా యూటీసీలోకి మార్చేస్తే?

జవాబు 1:
జరిగిపోయినవి రాసిపెట్టే లాగ్‌లకు చాలు. రాబోయే మీటింగ్‌లకు లోకల్ టైమ్, జోన్ పేరు రెండూ దాచండి, మధ్యలో ప్రభుత్వాలు రూల్స్ మార్చేస్తుంటాయి.