సమస్యాపూరణం: విత్తు నాటకుండ విరులు పూచె

నిర్వాహకురాలి సూచన: ఇది ఆటవెలది నాలుగో పాదం. బేసి పాదాలలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, సరి పాదాలలో ఐదు సూర్యగణాలు ఉండాలి. నాలుగో గణం మొదటి అక్షరంతో యతి కుదరాలి. ఒకే ఋతువులో మొలిచి, పూచి, గింజ కట్టి ఎండిపోయే ఏకవార్షిక మొక్కలు మరుసటి ఏడు తమంత తామే ఎలా లేస్తాయో పూరణలో చూపండి. ఛందస్సుతోపాటు మొక్క స్వభావమూ చెల్లాలని నా కోరిక.

ఉప్పల్ సభ్యురాలి పూరణ:

గునుగు పూలు కొన్ని కోయక విడువంగ
నేల రాలి గింజ నిదుర పోయె;
వాన చినుకు తాక వరుసగా మొలకెత్తి
విత్తు నాటకుండ విరులు పూచె.

సమీక్ష: 'నిదుర పోయె' అన్న మాటలోనే ఈ పద్యం ప్రాణం ఉంది. గునుగు బతుకమ్మ వేళకు కంకి వేస్తుంది. కంకి అడుగున పూలు ముందుగా పండి, నల్లగా మెరిసే సన్నని గింజలను రాలుస్తుండగానే కొన ఇంకా పూస్తూ ఉంటుంది. మొక్క ఎండిపోయాక ఆ గింజ చలికాలమూ ఎండాకాలమూ మట్టి పైపొరలో గడిపి, జూన్ తొలకరికి మొలుస్తుంది. బతుకమ్మను పేర్చడానికి కంకులన్నీ కోసేస్తే ఈ చక్రం అక్కడే తెగిపోతుంది గనుక, 'కొన్ని కోయక విడువంగ' అన్నది కొత్తగా తోట వేసేవారికి పనికివచ్చే మాట. వేసవిలో మడిని లోతుగా తిరగేసినా అంత చిన్న గింజ కిందికి పోయి పైకి రాలేదు.

అయితే 'వరుసగా' నాకు నచ్చలేదు. వరుస చేత్తో విత్తినప్పుడు వచ్చేది. తానై రాలిన గింజ ఒకచోట గుంపుగా, మరోచోట పలుచగా మొలుస్తుంది. 'వడివడి మొలకెత్తి' అంటే నలగణం కుదురుతుంది, యతీ నిలుస్తుంది.

ఉప్పల్ సభ్యురాలు: సవరణను సంతోషంగా స్వీకరిస్తున్నాను. గుంపుగా లేచిన మొలకలను ఎప్పుడు పలుచన చేయాలి?

నిర్వాహకురాలు: మూడు నాలుగు ఆకులు వచ్చేదాకా ఆగి, బలమైనవాటిని జానెడు ఎడంలో ఉంచి తక్కినవి తీసివేయండి. అంతకు ముందే చేయి పెడితే కలుపుతోపాటు గునుగు కూడా పోతుంది.

నాచారం సభ్యుని పూరణ:

చంద్రకాంత మొక్క చచ్చిన నేలలో
నల్ల గింజ చేరి నానగానె
మొలక లెన్నొ లేచి ముంగిట సందెలో
విత్తు నాటకుండ విరులు పూచె.

సమీక్ష: గణాలూ యతులూ చెల్లాయి గాని 'చచ్చిన' అన్నది నిజం కాదు. చంద్రకాంత పైభాగం ఎండినా నేలలో దుంప బతికే ఉండి వానలకు మళ్ళీ చిగురిస్తుంది, అది బహువార్షికం. మిరియాల వంటి నల్లని గింజలు దాని చుట్టూ రాలి మొలవడమూ నిజమే కాబట్టి, మొదటి పాదాన్ని 'చంద్రకాంత చెంత చల్లని నేలలో' అని మారిస్తే దోషం పోతుంది. ఆ గింజలు విషపూరితం గనుక పసిపిల్లలున్న ఇళ్ళవారు జాగ్రత్తపడాలి.

మల్కాజిగిరి సభ్యురాలి పూరణ:

కాయ పండి పగిలి గాలిలో చిమ్మగ
నెగిరి పడిన గింజ యెదురు చూచి
తడిసినంత నేల తలయెత్తె నీయేడు;
విత్తు నాటకుండ విరులు పూచె.

సమీక్ష: పేరు చెప్పకుండానే బాల్సమ్ అని తెలిసిపోయింది! పండిన కాయను తాకగానే తొక్కలు బిగువు వీడి చుట్టుకుపోయి గింజలను ఎగజిమ్ముతాయి. మార్చవలసిన అక్షరం ఒక్కటీ లేదు.

కూకట్‌పల్లి సభ్యుని పూరణ:

అంగటఁ గొనినట్టి హైబ్రిడు బంతియే
పోయినేటి పూలఁ బోలునట్లు
రాలి మొలిచి మరల రంగుల ముద్దయై
విత్తు నాటకుండ విరులు పూచె.

సమీక్ష: ధార బాగుంది, విషయం తిరగబడింది. హైబ్రిడ్ బంతి గింజ నుంచి వచ్చే మొక్కలు తల్లి పోలికను నిలుపుకోవు. రంగు, పరిమాణం, రేకుల దట్టం మారిపోతాయి. 'బోలునట్లు' బదులు 'బోలకుండ' అంటే గణం చెడదు, పద్యం నిజమవుతుంది. పోలిక చాలావరకు నిలవాలంటే నాటు బంతిని పెంచి, నచ్చిన పూలను మొక్క మీదే పూర్తిగా ఎండనివ్వాలి. కింది సగం నల్లగా గట్టిపడిన గింజలే మొలుస్తాయి, పొట్టులా తేలికగా ఉన్నవి మొలవవు.