చిట్టెలుకల్లో జ్వరం ప్రయోగం: సెలైన్ గుంపుకీ వేడి పెరుగుతోంది, ఏం చేయాలి?

ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా పైపొరలోని, జ్వరం తెప్పించే పదార్థం) ఒంటి బరువు కిలోకి 100 మైక్రోగ్రాములు, పొట్టలోకి ఇంజెక్షన్. ఒంటి వేడి కొలిచేది కడుపులో పెట్టిన టెలిమెట్రీ క్యాప్సూల్, అంటే వేడిని రేడియోతో బయటికి పంపే చిన్న పరికరం. ఆపరేషన్ అయ్యాక పది రోజులు ఆగాకే మొదలు. గది 22 డిగ్రీలుంటే జ్వరం రాకపోగా ఒళ్లు చల్లబడుతోంది. అది ఊహించిందే, మనకు హాయిగా ఉండే 22 చిట్టెలుకకి చలి. అందుకని 30కి మార్చాం.

చిక్కు ఇక్కడే. పోలిక కోసం ఎల్‌పీఎస్ బదులు సెలైన్ (ఉత్త ఉప్పునీరు) ఇచ్చినవాటికీ సూది పడగానే వేడి ఒక డిగ్రీ దాకా ఎగబాకి, గంట దాటితే గానీ దిగట్లేదు. చేత్తో పట్టుకున్న బెదురే కారణం. అసలు జ్వరం మొదలయ్యేది కూడా ఆ గంటలోనే కాబట్టి రెండూ కలిసిపోతున్నాయి. ఉత్తుత్తి సూదితో ఎన్ని రోజులు అలవాటు చేయాలి? పొద్దున లైట్లు వెలిగిన రెండు గంటలకు ఇస్తున్నాం, రాత్రి వేళ వాటి వేడి ఎలాగూ ఎక్కువే.

రెండోది, జ్వరం తగ్గించే మందు గుంపు. 1976లో క్లూగర్ బృందం బ్యాక్టీరియా ఎక్కించిన 12 ఎడారి ఇగ్వానాలకు (ఒక రకం బల్లులు) జ్వరం తగ్గించే సోడియం సాలిసిలేట్ ఇస్తే, అయినా జ్వరం వచ్చిన 5 బతికాయి, రాని 7 చనిపోయాయి. కానీ ఇలాంటి మందులు ప్రోస్టాగ్లాండిన్లను (జ్వరం తెప్పించే ఒంటి రసాయనాలు) ఆపి రోగనిరోధక కణాలనూ కదిలిస్తాయి, కాబట్టి తేడా జ్వరం లేకపోవడం వల్లా, మందు వల్లా అన్నది తేలాలంటే మందు ఇచ్చి కూడా వేడి నిలపాలి. బల్లినైతే వేడి పెట్టెలో ఉంచి కావలసిన వేడికి తేవచ్చు. చిట్టెలుక ఒళ్లు తన వేడిని తానే సర్దుకుంటూ ఎదురు తిరుగుతుంది. మందు ఇచ్చాక కూడా ఒంటిని 38.5 దగ్గర నిలపాలంటే పెట్టె ఎన్ని డిగ్రీలుండాలి, నీరు కోల్పోకుండా తేమ ఎంత? ఇబుప్రోఫెన్‌తో చేసినవాళ్లెవరైనా చెప్పగలరా?