ఈ వారం సమస్య: పోలికేది లేని పోలిక యిది

సంచాలకులు:
ఈసారి సమస్యగా ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాం, పై మూడు పాదాలూ రాసి పద్యం పూరించండి.

*పోలికేది లేని పోలిక యిది*

గణాలు పోలి–కేది–లేని–పోలి–కయిది. అయిదూ సూర్యగణాలే. మొదటి నాలుగూ గలాలు (గురువు, లఘువు), చివరిది నగణం (మూడు లఘువులు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి, 'పో'కి 'పో', కాబట్టి ఇబ్బంది లేదు. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (నల, నగ, సల, భ, ర, త) రావాలి. 2వ పాదం సమస్యలాగే అయిదు సూర్యగణాలు.

నియమం ఒక్కటే. పద్యంలో అలంకారం పేరు చెప్పకూడదు, ఆ అలంకారాన్ని చేసి చూపాలి. పేరు పద్యం కింద రాయండి.

ఉపమకు నాలుగు అంగాలు. 'పాలు మంచులా తెల్లగా ఉన్నాయి' అన్నప్పుడు పాలు ఉపమేయం, మంచు ఉపమానం, 'లా' ఉపమావాచకం, తెల్లదనం సమానధర్మం. నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఏది తగ్గినా లుప్తోపమ. సమస్యలో 'లేనిది' ఈ నాలుగింటిలో ఏదో తేల్చుకుంటే పూరణ సగం అయినట్టే.

గోదారిగట్టు:

గగన మెట్టులుండు? గగనమ్ము రీతియే;
కడలి కడలివోలెఁ గదలుచుండు;
తనకుఁ దానె సాటి, తగినది వేఱేది?
పోలికేది లేని పోలిక యిది

అనన్వయం. లేనిది వేరే ఉపమానం.

సంచాలకులు:
గణ, యతులు శుద్ధం. ఆకాశానికి ఆకాశమే, సముద్రానికి సముద్రమే అన్నది అనన్వయానికి అందరికీ తెలిసిన పాత ఉదాహరణే. దాన్ని ఆటవెలదిలో కూర్చారు, బాగుంది. అయితే మూడో పాదం మొదటి రెండు పాదాల గుట్టు విప్పేసింది. 'తనకుఁ దానె సాటి' అని చెప్పేశాక అనన్వయం చేయగలిగిన పని ఏం మిగిలింది? అక్కడ మూడో వస్తువు ఒకటి తెస్తే పద్యం బరువెక్కేది.

ఇంకొకటి. కడలి గగనంలా ఉంది, గగనం కడలిలా ఉంది అంటే అది అనన్వయం కాదు, ఉపమేయోపమ. అక్కడ వస్తువులు రెండు, ఒకదానికొకటి ఉపమానాలవుతాయి, మూడో దానికి చోటు లేదంటాయి. అనన్వయంలో వస్తువు ఒక్కటే.

తెల్లకాగితం:

చేట చంద్రుఁ డనుచుఁ జెప్పెను మా కవి;
రంగు కలియలేదు, రూపము రాదు;
సామ్య మేది యనుచు నందఱడుగ నవ్వె;
పోలికేది లేని పోలిక యిది

లేనిది సమానధర్మం. అలంకారం ఏమనాలో తేలలేదు.

వేపచెట్టు నీడ:
ఊహ భలే ఉందండీ, నవ్వొచ్చింది. ఛందస్సులో మాత్రం మూడు చోట్ల దెబ్బతింది.

రెండో పాదం: రంగు–కలియ–లేదు–రూప–మురాదు. చివరిది లఘువు, గురువు, లఘువు, అంటే జగణం. సూర్యగణానికి మూడు మాత్రలే, ఇక్కడ నాలుగున్నాయి. 'ము' ఎక్కువైంది.

అదే పాదంలో యతి. 'రం'కి 'రూ' వేశారు. రెండూ రేఫలే కదా అనుకోవద్దు, యతిలో హల్లుతోపాటు అచ్చుకీ మైత్రి కావాలి. అకారానికి ఊకారం పొసగదు. కొత్తగా పద్యం రాసేవాళ్ల యతిభంగాల్లో ఎక్కువ ఈ రకానివే.

మూడో పాదంలో 'సా'కి 'నం'. 'అనుచున్ + అందఱు' కాబట్టి యతి చూడాల్సింది 'న'ను కాదు, దానిలోని 'అ'ను. సకారం అచ్చుతో మైత్రి చేయదు.

సవరణ:

రంగు కలియలేదు, రాదు రూపు;
సామ్య మేది యనుచు సభ్యు లడుగ నవ్వె

తెల్లకాగితం:
ధన్యవాదాలండీ. రెండో పాదానికి ప్రాసయతి (యతి అక్షరాలకు బదులు వాటి తర్వాతి అక్షరాలు కలిసేది) వేసి 'రంగు కలియలేదు, పొంగు లేదు' అంటే?

వేపచెట్టు నీడ:
ఆటవెలదిలో ప్రాసయతి చెల్లుతుంది. 'రంగు – పొంగు' రెండూ బిందుపూర్వక గకారాలు, ముందున్నవి గురువులే. ఛందస్సు ఒప్పుతుంది. కానీ చంద్రుడికి పొంగేమిటి? పొంగేది సముద్రం. యతి కోసం అర్థాన్ని తాకట్టు పెట్టకండి.

సంచాలకులు:
తెల్లకాగితం గారూ, మీది అలంకారం కాదు, అలంకారదోషం. ఆలంకారికుడు వామనుడు చెప్పిన ఆరు ఉపమాదోషాల్లో 'అసాదృశ్యం' ఇదే. మిగతా అయిదూ హీనత్వం, అధికత్వం, లింగభేదం, వచనభేదం, అసంభవం. 'కళ్లు చేపలా ఉన్నాయి' అంటే వచనభేదం, కళ్లు బహువచనం, చేప ఏకవచనం. మరో ఆలంకారికుడు దండి మాత్రం ఇక్కడ కొంత మెత్తగానే ఉంటాడు. తెలిసినవాళ్లకు ఎబ్బెట్టుగా తోచకపోతే లింగవచనాల తేడా దోషం కాదంటాడు. తెలుగులో నాకు ఆ మాటే సబబనిపిస్తుంది. దోషాన్నే వస్తువుగా చేసుకున్నారు కనుక మీ పూరణ చెల్లింది.

కలంపోటు:

మోముఁదమ్మి యంటి, మొదలె 'వోలె'యు లేదు;
చెలువ మనుచుఁ జెప్ప సెలవు లేదు;
రెండు నొకటి యైన రీతి నిల్చెను చూడు;
పోలికేది లేని పోలిక యిది

రూపకం. లేనివి వాచకం, ధర్మం.

గోదారిగట్టు:
'సెలవు లేదు' బాగా పడింది. కానీ వాచకం, ధర్మం రెండూ లోపిస్తే అది లుప్తోపమ కూడా కావచ్చు కదండీ? రూపకమే అని ఎలా చెప్తారు?

సంచాలకులు:
ఈ వారానికి ఇదే అసలు ప్రశ్న. సమాసాన్ని ఒక్కదాన్నే చూస్తే తేలదు. 'ముఖచంద్రుడు'ని రెండు రకాలుగా విప్పవచ్చు. చంద్రుని వంటి ముఖం అంటే ఉపమ, ముఖమనే చంద్రుడు అంటే రూపకం. తేల్చేది వాక్యంలోని క్రియ.

'ముఖచంద్రుడు చిరునవ్వు నవ్వెను.' నవ్వేది ముఖం, చంద్రుడు నవ్వడు. ఇక్కడ ముఖమే ప్రధానం, కనుక ఉపమ.

'ముఖచంద్రుడు చీకటిని తఱిమెను.' చీకటిని తరిమేది చంద్రుడు. ఇక్కడ చంద్రత్వమే ప్రధానం, కనుక రూపకం.

'ముఖచంద్రుడు కనిపించెను' అన్నారనుకోండి. కనిపించడం ఇద్దరికీ కుదురుతుంది, ఎటూ తేలదు. పరీక్షల్లో సమాసం ఒక్కటే ఇచ్చి అలంకారం రాయమంటే పిల్లల్ని తప్పు పట్టలేం.

మరి కలంపోటు గారి పద్యంలో? మూడో పాదంలో 'రెండు నొకటి యైన' అని అభేదం చెప్పారు. ఉపమలో పోలికే కానీ అభేదం ఉండదు. కాబట్టి రూపకమే. ఆ పాదం లేకుంటే గోదారిగట్టు గారి సందేహం నిలబడేది.

వేపచెట్టు నీడ:
నేను సమస్యను విరిచాను.

కాళ్లు గలిగి నడచు కలువ కాఁబోలును
పాప; యట్టి పువ్వు భావ మందె;
కలదె జగమునందుఁ, గల్పించెఁ గవి గాక?
పోలికేది? లేని పోలిక యిది!

ఉత్ప్రేక్ష (ఒకదాన్ని మరొకటిగా ఊహించడం).

సంచాలకులు:
ఒక్క ప్రశ్నార్థకంతో పాదం అర్థమే మారిపోయింది. సమస్యాపూరణంలో విరుపు అంటే ఇదే. అక్షరం కదపలేదు, ఊపిరి తీసుకునే చోటు మార్చారు. 'కాఁబోలు' ఉత్ప్రేక్షావాచకం, అందువల్ల ఇది ఉత్ప్రేక్షే. దాని బదులు 'వలె' వేసి ఉంటే, లోకంలో లేని వస్తువుతో పోల్చారు గనుక దండి చెప్పిన అభూతోపమ అయ్యేది. 'నడచు కలువయో, పాపయో' అంటే ససందేహం. పోలిక అంతా అదే, వాచకం మారితే పేరు మారుతుంది.

కలంపోటు:
ఇంకొకటి, కొంచెం అల్లరిది.

అత్త లోభి, యింట నణఁగెను కోడలు;
వెన్న వత్తిఁ బూసి వెలుఁగు నిలిపె;
స్వర్గ మబ్బె! సాటి సంపన్ను లెవ్వరు?
పోలికేది లేని పోలిక యిది

పోలికి + ఏది. కార్తిక అమావాస్య మర్నాడు అరటిదొప్పల్లో దీపాలు వదిలేటప్పుడు చెప్పుకునే పోలి అనే కోడలి కథ.

తెల్లకాగితం:
అబ్బ! ఆ సంధి కుదురుతుందాండీ?

సంచాలకులు:
కుదురుతుంది. షష్ఠీ విభక్తి 'కి' ఏమ్యాదుల్లో ('ఏమి' మొదలైన పదాల జాబితాలో) ఉంది, ఏమ్యాదుల ఇత్తుకు (చివరి ఇకారానికి) సంధి వైకల్పికం. పోలికి ఏది అన్నా, పోలికేది అన్నా సాధువే. మొదటి పూరణల్లో ఇదే అక్షరాలు పోలిక + ఏది, అంటే అత్వసంధి. ఒకే అక్షరాల గుంపు రెండు చోట్ల విరిగి రెండు అర్థాలిస్తే సభంగశ్లేషకు దారి దొరికినట్టే. 'స్వ'కి 'సం' యతి కూడా సరే, సంయుక్తాక్షరంలో ఏ హల్లుకైనా మైత్రి కూర్చవచ్చు.

చిక్కు అన్వయంలో ఉంది. 'పోలికి ఏది లేని పోలిక' అంటే ఏమిటి? 'ఏదీ లేని' అనిపించాలంటే 'ఏది' చివర సముచ్చయార్థపు దీర్ఘం కావాలి, సమస్యలో అది లేదు. 'పోలికి ఏది [సాటి]? లేని పోలిక యిది' అని వేపచెట్టు నీడ గారిలా విరిస్తే నిలబడుతుంది. 'పోలికేది' తర్వాత ప్రశ్నార్థకం పెట్టుకోండి.

కలంపోటు:
పెట్టాను. మరి సమస్యలో 'పోలి' రెండుసార్లు వచ్చింది కదా, దాన్ని యమకం అనవచ్చా?

సంచాలకులు:
మీ పద్యంలో అనవచ్చు. మొదటి 'పోలి' మనిషి పేరు, రెండోది 'పోలిక'లో ముక్క. రెండోదానికి విడిగా అర్థం లేకున్నా యమకానికి అడ్డు లేదు. రెండింటికీ అర్థం ఉంటే మాత్రం ఆ అర్థాలు వేరు కావాలి.

తెల్లకాగితం గారి పద్యంలో అదే పాదం యమకం కాదు. అక్కడ 'పోలిక' రెండుసార్లూ పోలికే, తాత్పర్యం ఒక్కటే వేరు. మొదటిది నిజంగా ఉండాల్సిన సామ్యం, రెండోది కవి చెప్పిన పోలిక. 'వంటంటే అమ్మ చేసిన వంటే వంట' అన్నట్టు. అది లాటానుప్రాస. పాదం ఒక్కటే, పైమూడు పాదాలను బట్టి ఒకచోట లాటానుప్రాస, ఒకచోట యమకం. సమస్య ఇచ్చినప్పుడు ఇది మాకూ తట్టలేదు.

వచ్చే వారానికి తేటగీతి పాదం:

*తిట్లు విని యుబ్బిపోయెను దేవుఁ డపుడు*

తిట్లు–వినియుబ్బి–పోయెను–దేవు–డపుడు. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. యతి 'తి'కి 'దే'. వ్యాజస్తుతి (తిట్టినట్టుండే పొగడ్త) రాయమని అడుగుతున్నామని అందరికీ తెలిసిపోతుంది గనుక, ఆ దారి వదిలేసి పూరించినవారికి ముందు వరుస.

తెల్లకాగితం:
'తి'కి 'దే' ఎలాగండీ? ఇకారానికి ఏకారం...

వేపచెట్టు నీడ:
ఇ ఈ ఎ ఏ ఋ అన్నీ ఒక జట్టు. త థ ద ధ మరో జట్టు. పైన కలంపోటు గారి 'రెండు – రీతి' చూడండి.