తోటకూరకు తెల్ల బొబ్బలు: మట్టి మార్చాలా?

డాబా మీద పాత పెయింట్ బకెట్లలో తోటకూర పెంచుతున్నాను. వానలు మొదలయ్యాక ఆకు పైన పసుపు మచ్చలు, సరిగ్గా వాటి కింద తెల్ల బొబ్బలు వస్తున్నాయి. గీరితే సున్నంలాంటి పొడి రాలుతోంది. పురుగు ఎక్కడా లేదు.

లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి వారానికోసారి కొట్టాను. పులిసిన మజ్జిగ కూడా అయింది. మచ్చలున్న ఆకులు తుంచేసి, నీళ్లు ఆకుల మీద పడకుండా మొక్క మొదట్లోనే పోస్తున్నా కొత్త చిగుళ్లకూ పాకుతోంది. పక్కనే ఉన్న గోంగూర మాత్రం శుభ్రంగా ఉంది, అదే వింత!

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్. పొద్దున వేళ్లు బిగుసుకుపోతాయి, నిండు బకెట్ జరపలేను. మట్టి మోయించాలంటే కూలి ఇవ్వాలి, అదే నా దగ్గర లేనిది.

ఈ మొక్కలు పీకేసి, అదే మట్టిలో మళ్లీ తోటకూర విత్తనాలు చల్లొచ్చా, మట్టి మార్చాల్సిందేనా?